రాత్రి నిద్రలో ఊపిరి ఆగుతోంది. స్లీప్ ఆప్నియా అన్నారు. సీప్యాప్ మెషీన్ తప్పదా?

వానచినుకు (ఆదివారం, రాత్రి 11.40)

అందరికీ నమస్కారం. ఈ వేదికలో రాయడం నాకిదే మొదటిసారి, తప్పులుంటే మన్నించండి.

మా ఆయనకు 46 ఏళ్లు. పెళ్లయినప్పటి నుంచీ గురక ఉంది. దాన్ని ఇంట్లో ఎవరం జబ్బుగా అనుకోలేదు. రెండేళ్లుగా గురక తీరు మారింది. గట్టిగా గురక పెడుతూ పెడుతూ ఉన్నట్టుండి చప్పుడు ఆగిపోతుంది. ఛాతీ, పొట్ట ఎగసిపడుతూనే ఉంటాయి కానీ ముక్కు దగ్గర చెయ్యి పెడితే గాలి తగలదు. నేను మనసులో అంకెలు లెక్కపెడతాను. ఇరవై, ఇరవై ఐదు, ఒక్కోసారి నలభై దాకా వెళ్తుంది. ఆ తర్వాత నీళ్లలో మునిగి పైకొచ్చినవాళ్లలా ఒక్కసారిగా ఊపిరి లాగి, మళ్లీ గురక మొదలు. పొద్దున అడిగితే ఆయనకు ఏమీ గుర్తుండదు. "బాగానే పడుకున్నా కదా" అంటారు.

బాగా పడుకున్న మనిషి పగలంతా ఎందుకు జోగుతారు? కూర్చుంటే కునుకు, పేపర్ చదువుతూ కునుకు. లేవగానే తలనొప్పి. రాత్రి మూడుసార్లు బాత్రూమ్‌కి లేస్తారు. బీపీకి మూడు రకాల మందులు వాడుతున్నా అదుపులోకి రావడం లేదు. అసలు బీపీ డాక్టరుగారే "ఈయన గురక పెడతారా?" అని నన్ను అడిగి స్లీప్ స్టడీకి (నిద్ర పరీక్షకు) పంపారు.

నిన్న రిపోర్టు వచ్చింది. ఏహెచ్‌ఐ (నిద్రలో గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగిందో, తగ్గిందో చెప్పే అంకె) 41, ఆక్సిజన్ అతి తక్కువగా 74 శాతానికి పడిందని ఉంది. తీవ్రమైన అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియా, సీప్యాప్ (మాస్క్ ద్వారా ఒత్తిడితో గాలి పంపే మెషీన్) వాడాలి అన్నారు. ఆయనేమో "బతికినన్నాళ్లూ మొహానికి గొట్టం తగిలించుకుని పడుకోవాలా? నా వల్ల కాదు" అని రిపోర్టు బీరువాలో పెట్టేశారు. ఇది నిజంగా అంత పెద్ద జబ్బా? బరువు తగ్గితే పోదా? ఆపరేషన్ ఉందా? నాకు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

పాతగడియారం (సోమవారం, ఉదయం 5.50)

వానచినుకు గారూ, మీరు రాసింది చదువుతుంటే ఆరేళ్ల కిందట మా ఆవిడ డాక్టరుగారికి చెప్పిన మాటలే వింటున్నట్టుంది. నాకు అప్పుడు ఏహెచ్‌ఐ 52. ఇవాళ్టికి ఆరేళ్లుగా మెషీన్ పెట్టుకుని పడుకుంటున్నాను, మెలకువగా బతుకుతున్నాను.

ముందు ఒక మాట. మీరు లెక్కపెట్టిన ఆ సెకన్లు చాలా విలువైనవి. ఈ జబ్బు ఉన్న మనిషికి తన జబ్బు కనబడదు. పక్కనున్నవాళ్లు చూసి చెప్పాల్సిందే. మీరు చూశారు, చెప్పారు, పరీక్ష కూడా అయింది. కష్టమైన సగం దాటేశారు.

మెషీన్ గురించి ఆయన పడే భయం మామూలే, నేనూ అదే మాట అన్నాను. వివరంగా సాయంత్రం రాస్తాను.

నీలికొండ (సోమవారం, ఉదయం 9.15)

నేను పన్నెండేళ్లుగా స్లీప్ ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. డాక్టర్ని కాను, కాబట్టి వైద్యం మీ డాక్టరుగారే చెప్పాలి. రిపోర్టులో ఏముందో అర్థమయ్యేలా మాత్రం చెప్పగలను.

ముక్కు వెనకనుంచి స్వరపేటిక దాకా ఉండే గొంతు దారికి చుట్టూ గట్టి ఎముక గూడు లేదు. ఆ దారిని తెరిచి ఉంచేది కండరాలే. మెలకువలో అవి బిగువుగా ఉంటాయి. నిద్రపట్టగానే సడలుతాయి, నాలుక వెనక్కి జారుతుంది, మెత్తటి అంగిలి కిందికి వాలుతుంది. అందరికీ ఇది కొద్దో గొప్పో జరుగుతుంది. దారి ముందే ఇరుకుగా ఉన్నవాళ్లలో మాత్రం ఊపిరి పీల్చినప్పుడు గోడలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. నానిన కాగితపు గొట్టంతో నీళ్లు పీల్చి చూడండి, అలాగే. సగం మూసుకుంటే గురక. పూర్తిగా మూసుకుంటే మీరు విన్న ఆ నిశ్శబ్దం. ఛాతీ కదులుతున్నా గాలి రాదని మీరు గమనించారు చూడండి, 'అబ్‌స్ట్రక్టివ్' అనే మాటకు అర్థం అదే. ప్రయత్నం ఉంది, దారి లేదు. మెదడు నుంచి ఆదేశమే రాక ఊపిరి ఆగితే దాన్ని సెంట్రల్ ఆప్నియా అంటారు, దాని వైద్యం వేరు.

కనీసం 10 సెకన్లు గాలి ఆగితే ఆప్నియా. గాలి బాగా తగ్గి, దానితోపాటు ఆక్సిజన్ పడితేనో మెదడు ఉలిక్కిపడితేనో హైపాప్నియా. రెండూ కలిపి గంటకు ఎన్నిసార్లు వచ్చాయో అదే ఏహెచ్‌ఐ. పెద్దవాళ్లలో 5 లోపు మామూలు. 5 నుంచి 15 దాకా స్వల్పం, 15 నుంచి 30 దాకా మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. 41 అంటే సగటున ప్రతి నిమిషంన్నరకు ఒకసారి గొంతు పూర్తిగానో సగమో మూసుకుపోతోంది. చాలాసార్లు మెదడు కొన్ని సెకన్లు మేల్కొని కండరాలను బిగిస్తే తప్ప దారి తెరుచుకోదు. ఆ మేలుకోవడం ఎంత చిన్నదంటే పొద్దుటికి గుర్తుండదు. అందుకే ఎనిమిది గంటలు మంచం మీద ఉన్నా ఆయన నిద్రపోయినట్టు కాదు.

మీరడిగిన మిగతావన్నీ దీనికి ముడిపడే ఉన్నాయి. ఊపిరి ఆగిన ప్రతిసారీ ఒంట్లో ప్రమాద ఘంట మోగినట్టు అడ్రినలిన్ విడుదలవుతుంది, రక్తనాళాలు బిగుసుకుంటాయి, బీపీ ఎగబాకుతుంది. రాత్రంతా ఇలా జరిగితే పగలు కూడా బీపీ దిగదు. మూడు మందులకూ లొంగని బీపీ ఉంటే స్లీప్ ఆప్నియా ఉందేమో చూడడం అందుకే. రాత్రి బాత్రూమ్ సంగతి కూడా అంతే. మూసుకుపోయిన గొంతుతో ఛాతీ లోపలికి లాగుతుంటే గుండె గదులు సాగుతాయి. ఒంట్లో నీరు ఎక్కువైందని గుండె పొరబడి, మూత్రం పెంచే హార్మోన్ వదులుతుంది. చాలామంది ఏళ్ల తరబడి దాన్ని ప్రోస్టేట్ సమస్య అనుకుంటారు.

రిపోర్టులో మరో అంకె వెతకండి. ఆక్సిజన్ 90 శాతం కంటే కింద ఎంతసేపు ఉంది అనేది. 74 అనేది ఒక్క క్షణం పడిన లోతు. ఎంతసేపు మునిగి ఉన్నారన్నది ఇంకా ముఖ్యం.

వానచినుకు (సోమవారం, మధ్యాహ్నం 1.05)

నీలికొండ గారూ, బీరువా తెరిచి చూశాను. 90 కంటే తక్కువ: 96 నిమిషాలు అని ఉంది. గంటన్నర! ఇన్నాళ్లూ ఆ గంటన్నర నా పక్కనే గడిచిందంటే చేతులు వణుకుతున్నాయి.

దూరతీరం (సోమవారం, మధ్యాహ్నం 2.30)

అక్కా, ఆయన బండి నడుపుతారా? నడుపుతుంటే వైద్యం మొదలయ్యేదాకా తాళాలు మీ దగ్గర పెట్టుకోండి.

నేను లారీ డ్రైవర్ని. నాకూ ఇదే జబ్బు, తెలియక నాలుగేళ్లు నడిపాను. ఒకరోజు తెల్లవారుజామున కళ్లు తెరిచే ఉన్నాయి, రోడ్డు కనబడుతోంది, తర్వాత ఏమైందో తెలియదు. టైర్లు రోడ్డు అంచు గులకరాళ్ల మీద కరకరమన్న చప్పుడుకు తెలివొచ్చింది. క్యాబిన్‌లో నాతోపాటు క్లీనర్ కుర్రాడు నిద్రపోతున్నాడు. వాడి మొహం ఇప్పటికీ కళ్లముందే ఉంది. కిటికీ తీస్తే, పాటలు పెడితే, మొహం కడిగితే ఈ నిద్ర ఆగదు. ఇది బద్ధకం కాదు, ఆ నిద్రను ఆపుకోవడం మనిషి చేతిలో లేదు.

సరళరేఖ (సోమవారం, సాయంత్రం 6.20)

నాకు స్వల్ప ఆప్నియా ఉంది, ఏహెచ్‌ఐ 11. బరువు తగ్గమన్నారు, తగ్గుతున్నాను. వానచినుకు గారి ఆయనకు కూడా ముందు బరువు తగ్గించి చూడొచ్చు కదా? నేరుగా మెషీన్ ఎందుకు? నేను కొంచెం చదివాను. బరువు పదో వంతు తగ్గితే ఏహెచ్‌ఐ సుమారు 26 శాతం తగ్గుతుందని 2000లో అమెరికాలో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో ఉంది. ఇప్పుడు బరువు తగ్గించే ఇంజెక్షన్ కూడా వచ్చింది. టిర్జెపటైడ్‌ని ఊబకాయంతోపాటు మధ్యస్థ, తీవ్ర ఆప్నియా ఉన్న పెద్దవాళ్లకు వాడొచ్చని 2024 డిసెంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించింది.

నీలికొండ (సోమవారం, రాత్రి 8.00)

సరళరేఖ గారూ, మీకు 11కి అది సరైన దారే. మీరు చెప్పిన లెక్కనే 41కి వేసి చూడండి. 26 శాతం తగ్గితే 30 దగ్గర ఆగుతుంది. ఇంకా తీవ్రం అంచులోనే. ఆ పదో వంతు తగ్గడానికి ఎన్ని నెలలు? ఆ నెలలన్నీ రోజూ రాత్రి గంటన్నర ఆక్సిజన్ పడిపోతూ ఉండాలా? బరువు తగ్గడం మెషీన్‌కు బదులు కాదు, దానికి తోడు. పైగా నిద్ర లేని మనిషికి ఆకలి పెరుగుతుంది, నడవడానికి ఓపిక ఉండదు. ఊపిరి సరిచేశాక బరువు తగ్గించడం కాస్త సులువవుతుంది. ఇంజెక్షన్ సంగతి ఆయన బరువు, షుగర్ అన్నీ చూసి డాక్టరే తేల్చాలి.

ఇంకొకటి, అందరికీ లావు వల్లే రాదు. చిన్న దవడ, వెనక్కి ఉన్న గడ్డం, పెద్ద టాన్సిల్స్ ఉంటే సన్నగా ఉన్నవాళ్లకూ వస్తుంది. ల్యాబ్‌కి పలచటి మనుషులు ఎంతమంది వస్తారో!

మూడోమలుపు (సోమవారం, రాత్రి 9.45)

ఆపరేషన్ గురించి అడిగారు కాబట్టి నా కథ చెబుతాను. తొమ్మిదేళ్ల కిందట గురక పోవాలని అంగిలి, కొండనాలుక కత్తిరించే ఆపరేషన్ చేయించుకున్నాను. రెండు వారాలు గుటక వేయాలంటే ప్రాణం పోయేది. గురక చప్పుడు సగానికి తగ్గింది, ఇంట్లో అందరం సంతోషించాం. మళ్లీ స్లీప్ స్టడీ చేయాలని నాకు ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. మూడేళ్లు గడిచాక పగటి నిద్ర అలాగే ఉందని వేరే చోట పరీక్ష చేస్తే ఏహెచ్‌ఐ 24 ఉంది! చప్పుడు పోయింది, ఊపిరి ఆగడం పోలేదు. ఆ మూడేళ్లు తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధ.

ఆపరేషన్లన్నీ పనికిరావని నేననను. ఎవరికి గొంతులో ఏ చోట మూసుకుంటోందో చూసి, తగినవారికి తగినది చేస్తే మేలే. టాన్సిల్స్ మరీ పెద్దగా ఉంటే అవి తీస్తే చాలామందికి తేడా తెలుస్తుంది. రెండు దవడలనూ ముందుకు జరిపే పెద్ద శస్త్రచికిత్స బాగా పనిచేస్తుందని చెబుతారు, కానీ అది చిన్న విషయం కాదు. చేయించుకుంటే మాత్రం ఆ తర్వాత మళ్లీ పరీక్ష తప్పకుండా చేయించుకోండి. గురక చప్పుడును బట్టి నయమైందని అనుకోవద్దు.

ఇప్పుడు నేను రాత్రిపూట పళ్లకు తొడిగే పరికరం వాడుతున్నాను. దంతవైద్యులు అచ్చు తీసి చేస్తారు. కింది దవడను కొన్ని మిల్లీమీటర్లు ముందుకు పట్టి ఉంచుతుంది, దానితోపాటు నాలుక కూడా ముందుకు వస్తుంది. మొదట్లో పొద్దున్నే దవడ నొప్పి ఉండేది, ఏళ్ల మీద పళ్ల అమరిక కొంచెం మారింది కూడా. నా ఏహెచ్‌ఐ 24 నుంచి 7కి వచ్చింది. అయితే 41 ఉన్నవాళ్లకు, ఆక్సిజన్ అంతలా పడేవాళ్లకు ముందు సీప్యాపే చెబుతారు. అది ఎంత ప్రయత్నించినా కుదరకపోతే ఇవి.

గోరింక (మంగళవారం, ఉదయం 7.10)

అడగని మాట చెబుతున్నందుకు మన్నించాలి, కానీ ఈ చర్చ చదివే ఆడవాళ్ల కోసం రాయాలనిపించింది. నాకు పెద్ద గురక లేదు. ఊపిరి ఆగడం ఎవరూ చూడలేదు. ఉన్నదల్లా రాత్రి రెండింటికి మెలకువ, పొద్దున తలనొప్పి, పగలంతా నీరసం, ఊరికే ఏడుపు. రక్తహీనత అన్నారు, థైరాయిడ్ చూశారు, దిగులు అని మాత్రలిచ్చారు. నెలసరి ఆగాక ఇంకా ఎక్కువైంది. ఐదేళ్లు తిరిగాక ఒక డాక్టరమ్మ "ఒకసారి నిద్ర పరీక్ష చేద్దాం" అంది. ఏహెచ్‌ఐ 22. కలలు వచ్చే నిద్రలో అయితే 50 దాటింది.

ఆడవాళ్లలో ఇది ఇలా మారువేషంలో వస్తుంది. నెలసరి ఆగిన తర్వాత ముప్పు పెరుగుతుంది. వానచినుకు గారూ, మీరు కూడా మీ నిద్ర సంగతి చూసుకోండి.

చిగురాకు (మంగళవారం, ఉదయం 10.30)

పిల్లల గురించి ఒక ముక్క. మా బాబుకి ఆరేళ్లప్పుడు నోరు తెరిచి పడుకునేవాడు, మెడ వెనక్కి వాల్చి, చెమటలు పట్టి. పగలు నిద్రపోడు సరికదా ఒక్కచోట నిలవడు. బడిలో "మాట వినడు, ధ్యాస లేదు" అని ఫిర్యాదులు. టాన్సిల్స్, ముక్కు వెనకాల ఉండే అడినాయిడ్స్ పెద్దవై దారి మూస్తున్నాయని తేలింది. తీయించాం. పిల్లల్లో ఏహెచ్‌ఐ గంటకు 1 దాటితేనే లెక్కలోకి తీసుకుంటారట, పెద్దవాళ్ల కొలత వాళ్లకు పనికిరాదు. ఊపిరాడక పడుకున్న పిల్లాడిని పగలు తిట్టానే అని నాకు ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది.

పాతగడియారం (మంగళవారం, సాయంత్రం 6.40)

ఆలస్యమైంది. మీ ఆయనకు ఇది చదివి వినిపించండి.

1981కి ముందు ఈ జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్లకు మిగిలిన దారి గొంతుకు రంధ్రం చేయడం. మూసుకుపోయే చోటుకు కిందుగా మెడలో చిల్లు పెట్టి, రాత్రి అందులోంచి ఊపిరి తీసుకోవాలి. ఆస్ట్రేలియాలోని సిడ్నీలో కొలిన్ సల్లివన్ అనే వైద్యుడు ముక్కులోంచి కొంచెం ఒత్తిడితో గాలి పంపితే గొంతు తెరుచుకునే ఉంటుందేమోనని ప్రయత్నించి, ఐదుగురు రోగులకు అది పనిచేసిందని 1981లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు. కత్తి గాటు లేకుండా ఆ రాత్రే ఊపిరి ఆడింది. అదే సీప్యాప్. మొహానికి గొట్టం అంటే నాకూ చిన్నతనంగా ఉండేది. మెడలో చిల్లు తప్పించినది ఇదే అని తెలిశాక నా చూపు మారింది.

అది ఆక్సిజన్ ఇచ్చే యంత్రం కాదు. గదిలో గాలినే తీసుకుని కొద్ది ఒత్తిడితో పంపుతుంది. ఆ గాలే లోపలి నుంచి గొంతు గోడలకు ఊతం. మనమే ఊపిరి తీసుకుంటాం. కరెంటు పోయినా ఊపిరి ఆగిపోదు, మెషీన్ లేని రోజుల్లో పడుకున్నట్టే.

వానచినుకు (మరుసటి వారం శుక్రవారం, రాత్రి 10.15)

పాతగడియారం గారూ, మీరు రాసింది చదివి వినిపించాను. మెడలో చిల్లు దగ్గర ఆగి మళ్లీ చదవమన్నారు. మర్నాడు తనంతట తనే డాక్టరు దగ్గరికి వెళ్దామన్నారు! మెషీన్ వచ్చింది, ఒత్తిడి దానంతటదే సర్దుకునే రకం. నాలుగు రాత్రులైంది. రోజూ రెండింటికల్లా మాస్క్ పీకి పక్కన పెట్టేస్తున్నారు. ఊపిరాడనట్టు ఉందట, నోరు ఎండిపోతోందట, ముక్కు పైన ఎర్రగా ఒరుసుకుపోయింది. రెండింటిదాకా వాడినా మేలే కదా అంటున్నారు. నిజమేనా?

నీలికొండ (శనివారం, ఉదయం 8.30)

ఏమీ లేనిదానికంటే మేలే. కానీ ఒక విషయం ఆయనకు తప్పక చెప్పండి. కలలు వచ్చే నిద్ర, రెమ్ నిద్ర అంటాం, రాత్రి రెండో సగంలో, ముఖ్యంగా తెల్లవారుజామున ఎక్కువ. ఆ నిద్రలో గొంతు కండరాలు బాగా సడలిపోతాయి, ఊపిరి ఆగడం పొడవుగా ఉంటుంది, ఆక్సిజన్ లోతుగా పడుతుంది. రెండింటికి తీసేస్తే ప్రమాదం ఎక్కువగా ఉన్న సగం వైద్యం లేకుండా గడిచినట్టు. మెలకువ వచ్చినప్పుడు మాస్క్ తీసి ఉంటే మళ్లీ పెట్టుకుని పడుకోవడం అలవాటు చేసుకోవాలి. మధ్యాహ్నం కునుకు తీసినా పెట్టుకోవాలి.

పాతగడియారం (శనివారం, ఉదయం 9.05)

మానేసేవాళ్లు చాలామంది మొదటి రోజుల్లోనే మానేస్తారు. వాళ్లలో చాలామందికి మెషీన్ పడక కాదు, మాస్క్ కుదరక. కాబట్టి ఒక్కోదాన్నీ విడిగా చూడండి.

ముక్కు మీద ఒరుసుకుంటోందంటే పట్టీలు బిగించేశారని అర్థం. గాలి కారుతుంటే అందరం చేసే మొదటి పని అదే, నేనూ చేశాను. మాస్క్‌ను కూర్చుని కాదు, మంచం మీద పడుకుని, గాలి వస్తుండగా సర్దుకోవాలి. పడుకుంటే మొహం కండ జారి ఆకారం మారుతుంది. పట్టీ కింద రెండు వేళ్లు దూరేంత వదులు ఉండాలి. మాస్క్ లోపలి మెత్త అంచును రోజూ తేలికపాటి సబ్బునీళ్లతో కడగాలి. మొహం జిడ్డు అంటితే అది జారుతుంది, అప్పుడు మళ్లీ బిగిస్తాం. అన్నీ చేసినా కారుతుంటే సైజు తప్పు, లేదా ఆ రకం ఆయన మొహానికి కుదరదు. ముక్కు రంధ్రాల దగ్గర మాత్రమే ఆనే చిన్నవి ఉన్నాయి, ముక్కంతా కప్పేవి ఉన్నాయి, ముక్కూ నోరూ రెండూ కప్పేవి ఉన్నాయి. నాకు మూడోసారి మార్చాక కుదిరింది. మార్చమని అడగడానికి మొహమాటపడకండి.

నోరు ఎండిపోతోందంటే నోటితో గాలి బయటికి పోతోంది. ముక్కు దిబ్బడ ఉందేమో ముందు చూపించండి, ముక్కు తెరుచుకుంటే నోరు మూసుకుంటుంది. గాలికి తేమ పెట్టే పెట్టె మెషీన్‌తో ఉంటుంది, దాన్ని వాడండి. అందులో డిస్టిల్డ్ వాటర్ పోసి, పొద్దున మిగిలినది పారబోసి ఆరబెట్టాలి.

ఊపిరాడనట్టు ఉందన్న మాట అన్నిటికంటే ముఖ్యం. మొదట్లో ఒత్తిడి చాలా తక్కువతో మొదలయ్యేలా పెడతారు, అది సుఖంగా ఉండాలని. కొందరికి ఆ తక్కువ గాలే చాలనట్టు అనిపించి గాభరా పుడుతుంది. ఒత్తిడిని మీ అంతట మీరు మార్చకండి, ఈ లక్షణం డాక్టరుగారికి ఇదే మాటల్లో చెప్పండి. ఈలోగా పగటిపూట మెలకువగా ఉన్నప్పుడు, టీవీ చూస్తూ, అరగంట మాస్క్ పెట్టుకుని కూర్చోమనండి. మొదటి రోజు చేత్తో పట్టుకుని ముక్కుకు ఆనించుకుంటే చాలు. మరునాడు పట్టీలు. ఇంకో రోజు మంచం మీద. భయం ఉన్న మనసుకు ఇది రాత్రి చీకట్లో నేర్పలేం.

నిద్ర పట్టడం లేదని సొంతంగా నిద్రమాత్రలు వేసుకోనివ్వకండి. మందు తాగే అలవాటుంటే అది కూడా గొంతు కండరాలను ఇంకా సడలిస్తుంది.

సరళరేఖ (శనివారం, మధ్యాహ్నం 12.20)

మనసులో ఉన్న అనుమానం అడుగుతాను, ఎవరినీ నిరుత్సాహపరచడానికి కాదు. 2016లో సేవ్ అనే పెద్ద పరీక్ష ఫలితాలు వచ్చాయి. గుండెజబ్బు లేదా పక్షవాతం ముందే ఉన్న 2,700 మందికి పైగా పాల్గొన్నారు. సీప్యాప్ వాడినవాళ్లలో గుండెపోట్లు, పక్షవాతాలు తగ్గలేదని తేలింది. మరి ఇంత కష్టం దేనికి?

నీలికొండ (శనివారం, మధ్యాహ్నం 3.40)

మంచి ప్రశ్న. దాచాల్సిన విషయం కాదు. మీరు చెప్పింది నిజమే. దాంతోపాటు ఇంకో రెండు నిజాలు ఉన్నాయి. ఆ పరీక్షలో సగటున రాత్రికి మెషీన్ వాడింది 3.3 గంటలే. పైగా పగలు విపరీతంగా నిద్ర ముంచుకొచ్చేవాళ్లను, ఆక్సిజన్ మరీ లోతుగా పడేవాళ్లను అందులో చేర్చుకోలేదు. అంటే వానచినుకు గారి ఆయనలాంటివాళ్ల గురించి అది పూర్తిగా చెప్పదు. అదే పరీక్షలో సీప్యాప్ వాడినవాళ్లకు పగటి మగత తగ్గింది, మనసు కుదుటపడింది, బతుకు మెరుగైంది.

కాబట్టి గుండెపోటు రానే రాదని నేను ఎవరికీ మాటివ్వను. మగత పోవడం, బండి నడుపుతూ నిద్రపోకపోవడం, మొండి బీపీ కొంత దిగడం, ఇవి నేను మనుషుల్లో చూస్తున్నవి. అవి చాలవా అన్నది ఎవరికి వాళ్లు తేల్చుకోవాలి.

దూరతీరం (శనివారం, సాయంత్రం 5.00)

నాకు చాలు. క్లీనర్ కుర్రాడికి కూడా చాలు.

వానచినుకు (మూడు వారాల తర్వాత)

మాస్క్ మార్పించాం. ముక్కు రంధ్రాల దగ్గర ఆనే చిన్నది ఇచ్చారు. మొదలయ్యే ఒత్తిడిని డాక్టరుగారు కొంచెం పెంచారు, ఊపిరాడనట్టు ఉందన్న మాట ఆ రాత్రితోనే పోయింది! ఇప్పుడు సగటున ఐదున్నర గంటలు వాడుతున్నారు. మెషీన్ లెక్క ఫోన్‌లో కనిపిస్తోంది: ఏహెచ్‌ఐ 6.8. గాలి కారడం మధ్యమధ్యలో ఎర్రగా చూపిస్తోంది. 5 లోపుకు రావాలి కదా, పనిచేయనట్టా?

నీలికొండ (అదే రోజు)

41 ఎక్కడ, 6.8 ఎక్కడ! పనిచేస్తోంది. గాలి కారిన సమయంలో మెషీన్ లెక్క సరిగా ఉండదు, ముందు అది ఆపండి. మిగిలిన సంఖ్యలో 'క్లియర్ ఎయిర్‌వే' అని విడిగా చూపిస్తుంది, అది ఎంత ఉందో చూడండి. అవి గొంతు తెరిచే ఉన్నా ఊపిరి ఆగినవి. కొత్తలో కొందరికి కనిపించి, వారాల మీద చాలామందిలో వాటంతటవే తగ్గుతాయి. ఎక్కువగా ఉండిపోతే డాక్టరు చూడాలి. ఒక్క రాత్రి అంకె పట్టుకుని దిగులు పడకండి, వారం సగటు చూడండి.

మూడోమలుపు (మర్నాడు)

ముందుముందు ఆయనకు ఏ ఆపరేషన్ జరిగినా, అది కాలికైనా సరే, మత్తు డాక్టరుకు ఆప్నియా ఉందని చెప్పండి, మెషీన్ ఆసుపత్రికి తీసుకెళ్లండి. మత్తుమందులు, నొప్పి మందులు గొంతును ఇంకా సడలిస్తాయి. నాకు ఇది తెలియక ఒకసారి రికవరీ గదిలో అందరినీ కంగారుపెట్టాను.

వానచినుకు (మూడు నెలల తర్వాత)

చాలా రోజులకు వచ్చాను. రాత్రికి ఆరున్నర, ఏడు గంటలు వాడుతున్నారు. వారం సగటు ఏహెచ్‌ఐ 2.9. బాత్రూమ్‌కి ఒకసారి లేస్తారు, కొన్ని రోజులు అదీ లేదు. పొద్దున తలనొప్పి మాట వినపడి రెండు నెలలైంది. బీపీ మందుల్లో ఒకదాని మోతాదు డాక్టరుగారు తగ్గించారు. బరువు నాలుగు కిలోలు తగ్గారు. మొన్న సినిమా మొత్తం మెలకువగా చూసి, మధ్యలో నిద్రపోయిన నన్ను లేపారు.

నా విషయం ఒకటి చెప్పాలి. మెషీన్ సన్నటి చప్పుడు తప్ప గది నిశ్శబ్దంగా ఉంటుంది. అయినా నాకు రెండింటికి మెలకువ వచ్చేస్తోంది. నిశ్శబ్దం అంటే ఊపిరి ఆగినట్టేనని రెండేళ్లు నా ఒంటికి అలవాటైంది. చెయ్యి చాపి ఆయన ఛాతీ మీద పెట్టి, గాలి ఆడుతోందని తెలుసుకుని మళ్లీ పడుకుంటున్నాను. గోరింక గారు చెప్పినట్టు నేను కూడా పరీక్ష చేయించుకున్నాను, ఏహెచ్‌ఐ 3, ఏమీ లేదు. ఇది భయం మిగిల్చిన అలవాటేనన్నారు.

గోరింక (అదే రోజు రాత్రి)

మా ఆయన కూడా ఏడాదిపాటు అలాగే చెయ్యి పెట్టి చూసేవారు. ఇప్పుడు నిద్రలోనే పెడతారు, లేవరు.

తెల్లకొంగ (రెండు రోజుల తర్వాత)

చర్చ మొత్తం ఇవాళే చదివాను. మా నాన్నగారికి 68 ఏళ్లు, ఇవే లక్షణాలు. "నేను గురకే పెట్టను" అంటారు, డాక్టరు దగ్గరికి రారు. ఎలా ఒప్పించాలి?

వానచినుకు (అదే రోజు)

ఫోన్‌తో వీడియో తీయండి. మొహం ఒక్కటే కాదు, ఛాతీ, పొట్ట కూడా కనబడాలి, చప్పుడు వినబడాలి. ఆగిన దగ్గరనుంచి మళ్లీ ఊపిరి తీసుకునేదాకా కత్తిరించకుండా ఉంచండి. ముందు నాన్నగారికి ఒంటరిగా ఉన్నప్పుడు చూపించండి, నలుగురి ముందు వద్దు. మా ఆయన రిపోర్టులో అంకెలు చూసి కదల్లేదు కానీ, ఎప్పుడో తీసి పెట్టుకున్న 34 సెకన్ల వీడియో చూపించాక చాలాసేపు మాట్లాడలేదు. అదే వీడియో డాక్టరుగారికి కూడా చూపించండి, పనికొస్తుంది. పరీక్ష కోసం ల్యాబ్‌లోనే పడుకోవాలని లేదు, కొందరికి ఇంట్లోనే చేసే చిన్న పరీక్ష సరిపోతుంది. ఆయనకు ఏది తగినదో వాళ్లే చెబుతారు. వెళ్లొచ్చాక ఇక్కడ రాయండి, నేను చూస్తుంటాను.